మెడ పట్టనిచ్చిన రోజు

నిన్న ఫోన్లో చూసి చిన్నది అడిగింది కదా, కుక్క మెడకి ఒక పక్క వెంట్రుకలేవి అమ్మమ్మా అని. డాక్టరమ్మ గీసేసింది తల్లీ, రక్తం తీయడానికి. ఆ మాట పూర్తికాకముందే మీ అమ్మ ఫోను లాక్కుని, వాడికేమైంది, మాకెందుకు చెప్పలేదు అని కంగారు పడిపోయింది. వాడికేమీ కాలేదు. పరీక్షకి తీసిన రక్తం కాదది. ఇంకో కుక్కకి ఎక్కించడానికి తీశారు. మనుషులు ఇచ్చుకున్నట్టే మనవాడు రక్తం ఇచ్చాడు. భిలాయిలో మీ పక్కింటివాళ్లకి చెప్పుకోండి. ఇక్కడ నరసన్నపేటలో నేను చెప్పని మనిషి లేదు. ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పే వేళకి లేచి నిలబడబోయాను కూడా. మగవాళ్ల వైపు నుంచి మీ తాతయ్య కళ్లతోనే కూర్చోబెట్టేశారు.

ఫోన్లో తెగిపోతూ ఉంటుంది కాబట్టి ఇలా వాయిస్ మెసేజిలో మొదటి నుంచీ చెబుతాను, వినండి.

మీరు వేసవికి వచ్చినప్పుడు చూశారుగా, వాడు వీపు నిమరనిస్తాడు, పొట్ట గోకనిస్తాడు, చెవులు పట్టుకుని లాగినా ఊరుకుంటాడు. మెడ దగ్గరికి చెయ్యి వెళ్తే మాత్రం పళ్లు బయటపెడతాడు. పెద్దాడు ఒకసారి ముద్దుగా మెడ చుట్టూ చెయ్యి వెయ్యబోయి ఏడ్చుకుంటూ వంటింట్లోకి పరుగెత్తాడు. అప్పుడు కుక్కని తిట్టాను గానీ, అదెందుకలా చేసిందో మీకు చెప్పలేదు. చిన్నపిల్లలు, బెంగపడతారని.

వాడు మన ఇంటికి వచ్చేసరికి మెడకి ఇనప తీగ ఉంది. ఎవరో కూనగా ఉన్నప్పుడు కట్టారు. విప్పడం మరిచిపోయారో, వాడే తెంపుకుని పారిపోయి వచ్చాడో. వాడు పెరిగాడు, తీగ పెరగలేదు. తోలు కోసుకుంటూ లోపలికి దిగిపోయింది. హైవే పక్కన టైర్లకి పంక్చర్లు వేసే కొట్టు దగ్గర పడుకుని ఉండేవాడు. నేను కూరగాయలకి వెళ్లినప్పుడల్లా నా వెనకాలే నాలుగడుగులు వచ్చి ఆగిపోయేవాడు. ఒకరోజు ఆగలేదు. గేటు దాకా వచ్చాడు. దగ్గరికి వస్తే చీము వాసన. మర్నాడే ఆటో మాట్లాడుకుని, గోనె సంచి పరిచి, శ్రీకాకుళం తీసుకెళ్లాను. ఆటో అబ్బాయి దారి పొడుగునా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాడు, "అమ్మా, ఇది నన్ను కరిసేస్తే నేనే ఆస్పత్రికి ఎల్లాల?" అనుకుంటూ.

ఆసుపత్రి అంటే పెద్ద మేడ అనుకునేరు. ఒక సందులో రెండు గదులు. ఒకప్పుడు ఫొటో స్టూడియోనట, ముందు గది గోడ మీద ఇప్పటికీ కొబ్బరిచెట్లూ సముద్రమూ బొమ్మ ఉంది. జనం కుక్కల్నీ పిల్లుల్నీ పట్టుకుని ఆ సముద్రం ముందే బెంచీల మీద కూర్చుంటారు. డాక్టరమ్మ టెక్కలి వైపు పిల్ల. చాలా చదువుకుంది. మనతో శుభ్రంగా పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడుతుంది. కుక్క కనిపిస్తే చాలు, వాళ్ల ఊరి మాట వచ్చేస్తుంది.

"ఏటిరా, ఏటయినాది? నాకు సెప్పవేటి?" అని మనవాణ్ని అడిగింది.

వాడు గోడ మూలకి పోయి గుర్రుమన్నాడు. లోపల స్టీలు బల్ల ఉంది. ఆ బల్ల మీదకి ఎత్తమంటుందేమో, ఎలాగా అని నా భయం. ఆవిడ బల్ల వైపు చూడనైనా లేదు. తలుపు దగ్గరగా వేసి, వాడికి కొంచెం దూరంలో నేల మీద చతికిలబడింది. వాడి వైపు కూడా చూడలేదు. నాతో కబుర్లు మొదలుపెట్టింది. ఎక్కడ దొరికాడు, ఏం పెడుతున్నారు, మీకు మోకాళ్ల నొప్పులా అని. ఎంతసేపటికీ లేవదే! బయట బెంచీ మీద తెల్ల బొచ్చుకుక్కని ఒళ్లో పెట్టుకున్న పెద్దమనిషికి ఓపిక చచ్చిపోయింది. తలుపు కొంచెం తోసి తొంగిచూశాడు.

"ఏటమ్మా డాక్టరమ్మా, లోపల పెళ్లిసూపులేటి?"

"అవును బాబూ. పిల్లోడు ఒప్పుకోవాల కదా. ఒప్పుకుంటే గానీ ముహూర్తం పెట్టం," అంది ఆవిడ, కూర్చున్నచోటి నుంచి కదలకుండా.

అదీ ఆవిడ పద్ధతి. జంతువు తన దగ్గరికి వచ్చి వాసన చూసేదాకా చెయ్యి వెయ్యదు. అరగంట పట్టినా సరే. వెళ్లినవాళ్లు మొదట విసుక్కుంటారు, తర్వాత వాళ్లే కొత్తగా వచ్చినవాళ్లకి, ఉండండి, ఆవిడ అలాగే చేస్తుంది అని చెబుతారు. మనవాడు ఆ రోజు చివరికి వచ్చి ఆవిడ చెప్పు వాసన చూశాడు. తొడకి మత్తు సూది వేసి, ఆ తీగని ముక్కలు ముక్కలుగా కత్తిరించి తీసింది. పుండు మానింది. ఆ చోట వెంట్రుకలు తెల్లగా మొలిచాయి. మానిందన్నమాటే గానీ, వాడి మనసులో తీగ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత ఏటేటా పిచ్చికుక్క వ్యాధి రాకుండా సూది వేయించడానికి తీసుకెళ్తే, డాక్టరమ్మ తొడకే వేసేది. మెడ జోలికి పోయేది కాదు.

అలా సూదికి వెళ్లినప్పుడే ఒకసారి వాణ్ని తూకం మెషీన్ ఎక్కించి, ముచ్చట పడిపోయింది. "ఊరకుక్కల్లో ఇంత కండ ఉన్నవాడు తక్కువమ్మా" అంది. నాకు నా పిల్లల్ని మెచ్చుకున్నంత సంతోషమేసింది. తర్వాత, "కుక్కలకి రక్తం కావలిస్తే మనకి దగ్గర్లో బ్లడ్ బ్యాంకు లాంటిదేమీ లేదు. ఇలా గట్టిగా ఉన్నవాళ్ల ఇళ్లవాళ్లని అడిగి ఉంచుకుంటున్నాను. ఎప్పుడైనా అవసరం పడితే ఫోన్ చేస్తాను, తెస్తారా?" అని అడిగింది.

"ఓ, దానికేముంది," అన్నాను. పొగడ్త చెవిలో ఉండగా ఏది అడిగినా అలాగే అనేదాన్నేమో.

ఫోను మొన్న వర్షాలు తగ్గిన వారంలో వచ్చింది. పొద్దున్నే చోడి అంబలి కలుపుతున్నాను. మీరు రాగి జావ అంటారే, అదే.

"అమ్మా, మీవాడు ఏమైనా తిన్నాడా?" డాక్టరమ్మ గొంతు.

"ఇంకా లేదమ్మా, ఇదిగో పెట్టబోతున్నాను."

"పెట్టకండి," అంది. అప్పుడు చెప్పింది. శ్రీకాకుళంలో బెల్లం, చింతపండు టోకు వ్యాపారం చేసే షావుకార్ల ఇంటి లాబ్రడార్ కుక్క. పిడుదులు కుట్టి జ్వరం వచ్చింది. ఆ జ్వరం రక్తాన్ని తినేస్తుందట. చిగుళ్లు కాగితంలా తెల్లబడిపోయాయి. మందు పని చెయ్యడానికైనా వంట్లో రక్తం ఉండాలి కదా, అది లేదు. ముందు అడిగిన ఒక కుక్క ఊళ్లో లేదు, ఇంకోదానికి పరీక్ష చేస్తే దాని రక్తంలోనూ అదే పురుగు ఉంది. "ఇంక మీవాడే అమ్మా. కారు పంపిస్తున్నారు."

మీ తాతయ్య పేపరు దించి నా వైపు చూశారు.

"ఒసే, కుక్క రక్తం కుక్కకి ఎక్కిస్తారేటే?"

"ఎక్కిస్తారట. మెడ దగ్గర నరం నుంచి తీస్తారట."

"మెడ దగ్గరా?" అని ఆయన నవ్వారు చూడండి, పేపరు చేతిలోంచి జారిపోయింది. "సెయ్యి పెట్టనీడు, సూది పెట్టనిస్తాడేటి? డాక్టరమ్మని ముందు సేతి ఏళ్లు నెక్కెట్టుకోమను."

నాకు కోపం వచ్చింది గానీ ఆయన అన్నది అబద్ధం కాదు. కారు వచ్చేదాకా గేటు దగ్గర నిలబడి వాడి వైపే చూస్తూ ఉన్నాను. వాడు నా చీర అంచుని నాకుతూ అంబలి కోసం ఎదురుచూస్తున్నాడు.

కారు నడుపుకుంటూ షావుకారు అబ్బాయే వచ్చాడు. అబ్బాయంటే నలభై దాటినవాడే. గడ్డం గీసుకోలేదు, చొక్కా గుండీలు ఒకదాని కన్నంలో ఒకటి పెట్టుకున్నాడు. కారంతా బెల్లం వాసన, దాని మీద హారతి కర్పూరం వాసన. వెనక సీట్లో దుప్పటి పరిచాడు. మనవాడు ఎక్కి, నాలుగు సార్లు తుమ్మి, కిటికీలోంచి బయటికి చూస్తూ జమీందారులా కూర్చున్నాడు.

హైవే ఎక్కాక అతను గొంతు సవరించుకున్నాడు.

"అమ్మగారూ, ఒక్క మాట. మా అమ్మ సంగతి."

"చెప్పు బాబూ."

"మా కుక్క మా అమ్మదండీ. ఆవిడ మంచం కిందే తొంగుంటాది. మేం నీసు తినం కదా, అదీ పుట్టి బుద్ధెరిగి గుడ్డు కూడా ముట్టలేదు. పెరుగన్నం, పప్పన్నం, పాలు. డాక్టరమ్మ రక్తం ఎక్కించాల అన్న కాణ్నుంచి మా అమ్మ ఒకటే అడుగుతున్నాది, ఏ ఇంటి కుక్క, ఏటి తింటాది అని. ఆవిడ వద్దంటే నేను సరే అనలేనండి. మీరు కాస్త... పాలన్నం పెడతాం అని సెప్పేయండి. అంతే."

నేను కిటికీ వైపు తిరిగాను. రోడ్డు పక్క వరి అంతా పచ్చగా ఊగుతోంది. కాసేపయ్యాక, "అడిగినప్పుడు చూద్దాం లే బాబూ" అన్నాను. అతను దాన్ని సరే అనుకున్నాడు, పాపం.

ఆసుపత్రి లోపల గదిలో నేల మీద దుప్పటి పరిచి ఆ లాబ్రడార్‌ని పడుకోబెట్టారు. మంచి గోధుమ రంగు కుక్క. ఎంత పెద్దదో అంత చప్పబడిపోయి ఉంది. మనుషులు వచ్చిన అలికిడికి తోక కొస మాత్రం ఒకసారి కదిపింది. దాని తల దగ్గర స్టూలు మీద షావుకారు తల్లి కూర్చుని ఉంది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది ఉంటుంది. బక్కపలచటి మనిషి, ముతక నేత చీర, ఒళ్లో స్టీలు క్యారేజీ. కుక్క మూడు రోజులుగా ముద్ద ముట్టలేదట. అయినా ఒకవేళ అడుగుతుందేమోనని ఆ పొద్దున కూడా పెరుగన్నం కలిపి తెచ్చుకుంది.

డాక్టరమ్మ ముందు మనవాడి ముంగాలి నుంచి కాసింత రక్తం తీసుకుంది. కాలంటే వాడికేమీ పట్టింపు లేదు. అందులో పురుగు లేదని సూక్ష్మదర్శినిలో చూసుకోవాలి, ఆ కుక్క రక్తంతో కలిపి పడుతుందో లేదో కూడా చూడాలి. ఆవిడ ఆ పనిలో ఉండగా పెద్దావిడ నా వైపు తిరిగింది.

"మీదేనా అమ్మా, కుక్క?"

"మాదే పెద్దమ్మా."

"మంచిగున్నాడు. ఏటి పెడతారు?"

ఆవిడ వెనక నిలబడ్డ కొడుకు రెండు చేతులూ జోడించి నా వైపే చూస్తున్నాడు. కళ్లతో బతిమాలుతున్నాడు. పాలన్నం అనే మాట నా నాలిక మీదకి వచ్చింది కూడా. ఒక ప్రాణం కోసం ఒక మాట, తప్పేముంది అనిపించింది. కానీ ఆవిడ నా కళ్లలోకి చూసి అడిగింది. ఆ కుక్క బతికి ఇంటికి వెళ్తే రోజూ ఆవిడ మంచం కింద పడుకుంటుంది. దానితోపాటు నా అబద్ధాన్ని కూడా అక్కడ పడుకోబెట్టడం నాకు నచ్చలేదు.

"పొద్దున చోడి అంబలి పెద్దమ్మా. రాత్రికి మేమేం తింటే అదే. నిన్న ఎండు నెత్తళ్ల చేపల పులుసు," అన్నాను.

కొడుకు నుదుటి మీద చేత్తో కొట్టుకున్నాడు. ఆవిడ బొట్టు లేని నా నుదురు వైపు చూసింది, ఆ సంగతేమీ అడగలేదు. క్యారేజీ పిడి మీద వేలితో రాసుకుంటూ ఉండిపోయింది.

డాక్టరమ్మ లేచి వచ్చి, "పురుగు లేదు, రక్తం కలిసింది. మొదలుపెట్టేద్దామా మామ్మగారూ?" అంది.

పెద్దావిడ తన కుక్క తల మీద చెయ్యి వేసింది. డాక్టరమ్మకి సంగతి అర్థమైంది. "రక్తానికి నీసు అంటదు మామ్మగారూ. అది వేరే..." అని మొదలుపెట్టింది.

"నువ్వుండమ్మా. నీకు నీ సదువు సెప్పింది. నాకు నా మనసు సెప్పాల."

"అమ్మా, అది సచ్చిపోతాదమ్మా!" అన్నాడు కొడుకు. "ఇప్పుడేటమ్మా నీ పట్టింపు?"

"పట్టింపు నాదేట్రా?" అంది ఆవిడ. గొంతు పెంచలేదు. "ఇన్నాళ్లూ ఆడి నోటికాడికి నీసు రాకుండా పెంచినాను. ఎదురింట్లో ఏగించిన సేపలు కిందపడితే, వద్దురా అంటే ఒగ్గేసి వచ్చేసినాడు. అంత నా మాట ఇన్నాడు. ఇప్పుడు నోరు లేనోడు, లేవలేనోడు అని నాకు నేనే ఆ కట్టుబాటు మార్సేస్తే ఎలగరా? ఆడికి నేనేటి సెప్పుకోవాల?"

అంతవరకూ నేను ఆవిణ్ని మొండిమనిషి అనుకున్నాను. కాదు. ఆవిడ ఆ కుక్కకి ఇచ్చిన మాట గురించి ఆలోచిస్తోంది. డాక్టరమ్మ మాత్రం కుక్క పెదవి ఎత్తి చిగుళ్లు చూసి, "మధ్యాహ్నం దాకా ఆగదు మామ్మగారూ" అని మెల్లిగా చెప్పింది.

పెద్దావిడ క్యారేజీ మూత తీసింది. మళ్లీ పెట్టింది. అప్పుడు నన్ను అడిగింది, "మీ వోడు పెరుగన్నం తింటాడేటమ్మా?"

"ఎందుకు తినడు పెద్దమ్మా? ఏదైనా తింటాడు."

"మా అత్తగారు ఉన్నప్పుడు," అంది ఆవిడ, ఎవరితోనూ కాదన్నట్టు, "కొట్లో మూటలు మొయ్యడానికి కొత్త కళాసీ ఎవడు సేరినా, ముందు అరుగు మీద కూకోబెట్టి అన్నం పెట్టేది. మన సేతి ముద్ద తిన్నాక ఇంక ఆడు ఎవరు, ఏటి తింటాడు అని అడక్కూడదు అనేది. ఇంట్లో మడికట్టు అంత పట్టే మనిషి, ఆ ఒక్క కాడ మాత్రం అంతే. నేనూ అలగే పెట్టుకొచ్చినాను." డాక్టరమ్మ వైపు తిరిగి, "ఈడికి నేనో ముద్ద పెడతాను. తింటే మా ఇంటోడే. తర్వాత నువ్వు తీసుకో."

"రక్తం తీసేముందు తినకూడదు మామ్మగారూ. తర్వాత పెట్టండి."

"తర్వాత పెడితే కూలి అవుతాది. ముందు పెట్టాల."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంది. "ఒక్క ముద్ద. నిమ్మకాయంత."

పెద్దావిడ నిమ్మకాయంత ముద్ద చేసి, కిందకి వంగి, చెయ్యి చాచింది. మీరు నమ్మండి, వాడు రోడ్డు మీద పెరిగిన కుక్క, ఆకలి మీద ఉన్నాడు, ఉదయం నుంచి అంబలి అడుగుతున్నాడు. గబుక్కున లాక్కుంటాడేమోనని నేను ముందుకి వంగాను. వాడు ముందు ఆవిడ వేళ్లు వాసన చూశాడు. తర్వాత పెదవులతో తీసుకున్నాడు, పన్ను తగలకుండా. నేను నేర్పలేదు ఆ మర్యాద. నా గుండె ఎంత పొంగిందో చెప్పలేను.

"సరే, మా వోడే," అని పెద్దావిడ చీర కొంగుకి చెయ్యి తుడుచుకుంది.

ఇక మిగిలింది మెడ. డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"మూతికి బుట్ట కట్టొచ్చు, కానీ వాడు భయపడి గింజుకుంటే నరం చీరుకుపోతుంది. మత్తు ఇవ్వడం నాకిష్టం లేదు, రక్తం ఇచ్చేవాడికి మంచిది కాదు. మీరు తల దగ్గర కూర్చుంటారా? వాడు వద్దంటే ఆపేస్తాను. ఇంకో కుక్క కోసం వీణ్ని మళ్లీ ఆ తీగ దగ్గరికి తీసుకెళ్లను."

ఆ మాట నాకు చాలా నచ్చింది. నచ్చినా, గుడ్లప్పగించి చూస్తున్న ఆ లాబ్రడార్ వైపు చూడకుండా ఉండలేకపోయాను. వాడు వద్దంటే ఆ ప్రాణం పోతుంది. మీ తాతయ్య నవ్వు చెవిలో వినిపించింది.

నేల మీద కూర్చున్నాను. మోకాళ్లు కటకటమన్నాయి. వాణ్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. డాక్టరమ్మ ఎప్పట్లాగే కొంచెం దూరంలో కూర్చుని, వాసన చూసుకోనిచ్చింది. తర్వాత దగ్గరకి జరిగి, చెయ్యి వాడి భుజం మీద పెట్టింది. భుజం మీంచి ఇంకొంచెం పైకి. వాడి చెవులు వెనక్కి పోయాయి. పెదవి లేచింది. పళ్లు కనిపించాయి. ఆవిడ చెయ్యి తీయలేదు, ముందుకి జరపనూ లేదు. ఉన్నచోటే ఉంచింది. నేను వాడి నుదుటి మీద నా చెంప ఆనించి, చర్చిలో పాడుకునే పాట ఒకటి గొంతులోనే పాడుతున్నాను. నా అవతల పెద్దావిడ గోవిందా గోవిందా అనుకుంటోంది. వాడు ఇద్దరు ముసలాళ్ల గొణుగుడూ వింటూ, ముక్కు ఎగరేస్తూ, ఆ పడుకున్న కుక్క వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత గడ్డం తెచ్చి నా మోకాలి మీద పెట్టాడు. మెడ బారుగా చాపి.

జుట్టు గీసే మెషీన్ జుయ్‌మంది. వాడు కదల్లేదు. సూది దిగింది. కదల్లేదు. గొట్టంలోంచి ఎర్రగా కిందకి జారి, నేల మీద సంచిలోకి చేరుతుంటే, డాక్టరమ్మ ఒక చేత్తో సంచిని ఊయలలా ఊపుతోంది. కానీ ఒక సంగతి చెప్పాలి. వాడు గుర్రుమనడం ఆపలేదు. పైకి వినపడేంత కాదు. గొంతు కింద నా అరచెయ్యి ఉంది కాబట్టి నాకు తెలిసింది. దూరంగా లారీ ఇంజను తిరుగుతున్నట్టు సన్నగా, సూది తీసేదాకా అలాగే ఉంది. గుర్రుమంటూనే ఉన్నాడు, మెడ చాపే ఉంచాడు.

సూది తీసి దూది నొక్కిపెట్టి, డాక్టరమ్మ వాడి చెవిలో, "ఒరే, నువ్వు సానా గొప్పోడివిరా" అంది. అప్పుడు నాకు కళ్లనీళ్లు ఆగలేదు.

క్యారేజీలో మిగిలిందంతా వాడికే. రెండు గిన్నెలూ నాకి, మూడోది నాకడానికి గది అంతా దొర్లించుకుంటూ పోయాడు, గణగణా మోగించుకుంటూ.

"ఒరే, గిన్నె కూడా తినేస్తావేటిరా!" అని పెద్దావిడ నవ్వింది. నవ్వుతూనే తన కుక్క పాదం పట్టుకుంది. దానికి చుక్క చుక్కగా రక్తం ఎక్కుతోంది. మేం ఉండగానే దాని నాలిక మీద కాస్త రంగు తేలింది. మొదట నా కళ్ల భ్రమ అనుకున్నాను. డాక్టరమ్మ కూడా చూసి తల ఊపింది.

వచ్చేటప్పుడు కారులో షావుకారు అబ్బాయి అన్నాడు, "మీరు ఎండు నెత్తళ్లు అన్నప్పుడు నా గుండె ఆగిపోనాదండి."

"నీ గుండె ఆగితే మా వోడి రక్తం నీకు పనికిరాదు బాబూ. జాగ్రత్తగా నడుపు," అన్నాను. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు.

మీ తాతయ్య గేటు దగ్గరే ఉన్నారు. డాక్టరమ్మ వేళ్లన్నీ ఉన్నాయి అని చెప్పాను. ఆయన వంగి వాడి మెడ చూశారు. ఆ రాత్రి చేపల పులుసులో మధ్య ముక్క తీసి ఎవరి పళ్లెంలో వేశారో మీరే ఊహించుకోండి. ఇప్పుడు టీ కొట్టు దగ్గర, "మా వోడు రక్తదాతండి" అని ఆయనే మొదలుపెడుతున్నారట, నేను చెప్పేందుకు మనుషుల్ని మిగల్చకుండా.

ఆ కుక్క బతికింది. నాలుగో రోజుకి లేచి నిలబడిందని పెద్దావిడ ఫోన్ చేసింది. ఇప్పుడు వారానికోసారి చేస్తుంది. ముందు తన కుక్క సంగతి చెబుతుంది, తర్వాత "మా రెండో వోడు ఎలగున్నాడు?" అని మనవాడి సంగతి అడుగుతుంది. ఆసుపత్రిలో ఆ సముద్రం బొమ్మ మీద, కొబ్బరిచెట్టు పక్కన, డాక్టరమ్మ మనవాడి ఫొటో అంటించింది. మొన్న సూది పడిన చోటు చూపించడానికి వెళ్తే, పిల్లిని పట్టుకుని కూర్చున్న ఒకావిడ ఫొటోనీ వాణ్నీ మార్చి మార్చి చూసి, "ఈడేనా?" అని లేచి చోటిచ్చింది. మనుషులకి కాదు, కుక్కకి లేచి చోటిచ్చింది. నేను ఆ బెంచీ మీద ఎంత నిటారుగా కూర్చున్నానో, నడుము నొప్పి కూడా గుర్తురాలేదు.

కొన్ని నెలలు పోయాక మళ్లీ అవసరం పడితే పిలుస్తాను, తెస్తారా అని డాక్టరమ్మ అడిగింది. ఈసారి "ఓ, దానికేముంది" అని నోటికి రాలేదు. చెబుతాను అన్నాను. ఆవిడ ఏమీ అనుకోలేదు, తొందరేమీ లేదు అంది.

ఎందుకలా అన్నానా అని నాకే ఆశ్చర్యం. ఆ పెద్దావిడ మాట నాలో ఉండిపోయింది. తన కుక్క లేవలేకపోతే, దాని తరఫున అంతసేపు తన మనసుతో తగువులాడింది. నన్ను డాక్టరమ్మ అడిగింది, నేను సరే అన్నాను. మనవాణ్ని ఎవరు అడిగారు? మెడ చాపాడు, నిజమే. మరి నా అరచేతి కింద ఆ గుర్రు? అది వద్దని చెప్పడమా, తన భయాన్ని తనే బెదిరించుకోవడమా? డాక్టరమ్మని అడిగాను. "అది నాకూ తెలీదమ్మా" అంది. అంత చదువుకున్న మనిషి తెలీదని ఒప్పుకుంది, అందుకూ ఆవిడంటే నాకు గౌరవమే.

మధ్యాహ్నాలు మీ తాతయ్య కునుకు తీస్తుంటే, వాడు గుమ్మం మీద గడ్డం ఆనించి పడుకుని ఉంటాడు. నేను పక్కన కూర్చుని చింతపండు ఈనెలు తీసుకుంటూ వాణ్నే అడుగుతాను. ఒక చెవి లేపి నా వైపు చూస్తాడు, అంతే. రోజూ అడుగుతూనే ఉన్నాను. ఒరే, ఆ రోజు నువ్వే ఇచ్చినావా, నేను పట్టుకున్నానని ఊరుకున్నావా?